బొమ్మా బొరుసుతో మొదలెట్టండి, విలువల సంగతి తరవాత

ప్రశ్న: మాది కోనసీమలో, అమలాపురానికి దగ్గర్లో ఒక ఊరు. ఇంటి ముందు గదిలో చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నాను. మా బాబు ఆరో తరగతి. కూడికలు, హెచ్చవేతలు బానే చేస్తాడు గాని నిష్పత్తి పాఠం మొదలైన దగ్గర్నుంచీ లెక్కల పుస్తకం తియ్యమంటే ముఖం మాడ్చుకుంటున్నాడు. కొట్లో చిల్లర ఉంది కదా అని బిళ్లలతో నేర్పబోయాను. రెండు రూపాయల బిళ్లలు మూడు, అయిదు రూపాయల బిళ్లలు నాలుగు పెట్టి నిష్పత్తి చెప్పమంటే 3:4 అన్నాడు. ఇలాంటి లెక్కకే పుస్తకం వెనకాల జవాబు 3:10 అని ఉంది. కాసేపాగి 2:5 అని కూడా అన్నాడు. ఇంతకీ ఏది ఒప్పో నాకే అనుమానం వచ్చింది. పైగా 2:3 లో మొదటిది 6 అయితే రెండోది ఎంత అంటే 7 అంటాడు. మా అత్తగారేమో అణాలు, బేడలు, పావలాలతో చెప్తే ఇట్టే వస్తుందంటారు. బిళ్లలతో నేర్పడం మంచిదేనా? అయితే ఎక్కడ మొదలుపెట్టాలి? పరీక్షలో బిళ్లలు ఉండవు కదా, అప్పుడెలా?

జవాబు: మీ బాబు చెప్పిన 3:4 తప్పు కాదమ్మా. పుస్తకంలో ఉన్న 3:10 కూడా తప్పు కాదు. ఆ మాటకొస్తే 2:5 కూడా ఒక రకంగా ఒప్పే. ప్రశ్నలోనే ఒక ముక్క తక్కువైంది: దేని నిష్పత్తి? బిళ్లలు ఎన్నున్నాయో చూస్తే 3:4. వాటి మొత్తం విలువ చూస్తే 6 రూపాయలకి 20 రూపాయలు, అంటే 3:10. ఒక్కో బిళ్ల విలువ చూస్తే 2:5. ఒక్క గుప్పెడు చిల్లరలో మూడు నిష్పత్తులు కలిసిపోయి ఉన్నాయి. వాడు ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకోటి పట్టుకుంటుంటే మీరు మూడోదాని కోసం చూస్తున్నారు.

బిళ్లలతో నేర్పడం మంచిదే. రెండు రకాల బిళ్లలతో మొదలుపెట్టడం వల్లే ఈ చిక్కు. మొదట్లో అన్నీ రూపాయి బిళ్లలే తీసుకోండి. మరి తేడా ఎలా తెలియాలంటే, బొమ్మా బొరుసూ ఉన్నాయి కదా. సింహాల వైపు పైకి ఉంటే బొమ్మ, అంకె వైపు పైకి ఉంటే బొరుసు. విలువ అన్నిటికీ ఒకటే గనక ఆ గొడవే రాదు. నిష్పత్తి పాఠంలో ముప్పాతిక భాగం ఈ బొమ్మా బొరుసుతోనే అయిపోతుంది.

కావలసిన సరంజామా పెద్దదేం కాదు. రూపాయి బిళ్లలు 40, రెండు రూపాయలవి 20, అయిదు రూపాయలవి 20, పది రూపాయలవి 5. మొత్తం 230 రూపాయలు. గల్లా పెట్టెలోంచి తీసి వేరే డబ్బాలో పెట్టి మూత వెయ్యండి. కొట్లో బేరాల వేళ చిల్లర కోసం ఆ డబ్బాలోనే చెయ్యి పెట్టారంటే మర్నాటి లెక్క కుదరదు. పరవడానికి పాత క్యాలెండరు కాయితం వెనకవైపు చాలు. స్టీలు పళ్లెంలో మాత్రం పెట్టించకండి, బిళ్లలు జారి వరసలు చెదిరిపోతాయి. ఈ పాఠమంతా వరసల మీదే నడుస్తుంది.

మొదటి వరసలో రెండు బొమ్మలు, వేలెడు ఖాళీ వదిలి మూడు బొరుసులు పెట్టించండి. "రెండు పాళ్లు బొమ్మలు, మూడు పాళ్లు బొరుసులు" అని పైకి చదవమనండి. దాని కింద అచ్చం అలాంటి వరస ఇంకోటి, దాని కింద మరోటి. ఇప్పుడు నిలువుగా లెక్కపెట్టమనండి. బొమ్మలు 6, బొరుసులు 9. ఆరుకి తొమ్మిది అన్నా రెండుకి మూడు అన్నా ఒకటే అని పుస్తకం ఎందుకంటోందో అక్కడ కనిపిస్తుంది: అదే వరస మూడుసార్లు పడింది, అంతే. ఈ దశలో కాయితం మీద నిలువు చుక్కలు రెండూ (:) రాయించకండి. ఆ గుర్తు చూడగానే పిల్లలు చేతిలో ఉన్న బిళ్లలు వదిలేసి ఏదో సూత్రం కోసం వెతుకుతారు. రెండు మూడు రోజులు నోటితోనే నడిపించండి. రోజుకి పావుగంట, ఇరవై నిమిషాలు మించొద్దు.

ఇక ఆ "6 అయితే 7" సంగతి. ఈ పాఠంలో ఇంతకన్నా మొండి తప్పు లేదు. లెక్కల్లో చురుకైన పిల్లలు కూడా ఇక్కడ బోల్తా పడతారు. 2 కన్నా 3 ఒకటి ఎక్కువ, కాబట్టి 6 కన్నా ఒకటి ఎక్కువ 7. వాడి ఆలోచనకి ఒక పద్ధతి ఉంది, కాకపోతే వరసలు పెంచాల్సిన చోట కూడిక చేస్తున్నాడు. "కాదురా, హెచ్చవెయ్యాలి" అని చెప్తే వింటాడు, మర్నాడు మళ్లీ 7 అంటాడు. మాటలతో పని లేదు. వరసకి రెండు చొప్పున బొమ్మలు ఆరు పెట్టమనండి, మూడు వరసలొస్తాయి. వాడు చెప్పిన ఏడు బొరుసులూ వాడి చేతికే ఇచ్చి, వరసకి మూడు చొప్పున సర్దమనండి. మొదటి వరసకి మూడు, రెండో వరసకి మూడు, మూడో వరసకి ఒక్కటే మిగులుతుంది. ఖాళీ కళ్లకు కడుతుంది. ఇంకో రెండు కావాలని వాడే అడుగుతాడు. మీరు నోరు మెదపక్కర్లేదు.

అయినా అనుమానం తీరకపోతే ఇంకొక పరీక్ష ఉంది. 2:3 వరసకి రెండు వైపులా పదేసి బిళ్లలు కలపండి. 12:13 అయింది. మొదట్లో బొరుసులు బొమ్మలకి ఒకటిన్నర రెట్లు. ఇప్పుడు ఇంచుమించు సమానం. రెండు వైపులా ఒకే సంఖ్య కలిపితే పాళ్లు మారిపోతాయి, రెండు వైపులా ఒకే సంఖ్యతో హెచ్చవేస్తే మారవు. ఈ మాట మీరు చెప్పేకంటే వాడు ఆ 25 బిళ్లలు చూసి చెప్పేదాకా ఆగడం మేలు.

సూక్ష్మరూపం అని పుస్తకంలో రాసేది ఇదే పనిని తిరగేసి చెయ్యడం. 12 బొమ్మలు, 18 బొరుసులు కుప్పగా పోసి ఇవ్వండి. షరతు ఒకటే: వీటిని వరసలు చెయ్యాలి, ప్రతి వరసా ఒకేలా ఉండాలి, ఒక్క బిళ్లా మిగలకూడదు. పిల్లలు ముందు రెండు వరసలు చేస్తారు, వరసకి 6:9. అది కూడా సరైనదే. ఇంకా ఎక్కువ వరసలు వస్తాయేమో చూడమనండి. మూడు వరసలైతే 4:6. నాలుగు వరసలు కుదరవు, బొరుసులు రెండు మిగిలిపోతాయి. అయిదు అసలే కుదరదు. ఆరు వరసలైతే 2:3. ఆ పైన ఇక రావు. ఎక్కువలో ఎక్కువ ఎన్ని వరసలొచ్చాయో అదే 12, 18 ల గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం, అంటే రెంటినీ శేషం లేకుండా భాగించే అతి పెద్ద సంఖ్య). క్లాసులో మెట్లు మెట్లుగా భాగహారం చేసి కనుక్కునే ఆ 6, ఇక్కడ కాయితం మీద పరిచిన వరసల సంఖ్య. 8:12, 15:20, 9:6 ఇలా మార్చి మార్చి ఇవ్వండి. 9:6 ఇవ్వడంలో ఒక ఉద్దేశం ఉంది. చిన్న అంకె ముందు రాయడం అలవాటైన పిల్లలు దాన్ని 2:3 అనేస్తారు. బొమ్మలు ముందడిగితే బొమ్మలే ముందు రావాలి, అంటే 3:2. అడిగిన వరసలోనే చెప్పాలన్నది ఇక్కడే పట్టుబట్టండి. పరీక్షల్లో మార్కులు పోయేది చాలాసార్లు ఇక్కడే.

తరవాతి తప్పు పెద్దవాళ్లు కూడా చేసేదే. 2:3 అనగానే "బొమ్మలు మొత్తంలో మూడింట రెండొంతులు" అనేస్తారు. వరస మొత్తం లెక్కపెట్టమనండి. అయిదు బిళ్లలున్నాయి. బొమ్మలు అయిదింట రెండు, బొరుసులు అయిదింట మూడు. 2/3 కూడా అక్కడ ఉంది గాని అది బొరుసులతో పోలిస్తే బొమ్మలు ఎంత అన్నదానికి జవాబు. మొత్తంలో ఎంత అన్నదానికి కాదు. మీ ఊళ్లో ఎక్కడైనా ఇల్లు కడుతుంటే వాణ్ణి తీసుకెళ్లి చూపించండి. గోడ కట్టే మాలు "ఒకటికి ఆరు" కలుపు అంటాడు తాపీమేస్త్రి. ఒక తట్ట సిమెంటుకి ఆరు తట్టల ఇసుక. మొత్తం ఏడు తట్టలు, అందులో సిమెంటు ఏడో వంతు. ఆరో వంతు అనుకుని మొత్తం ఆరు తట్టల్లో ఒకటి సిమెంటు వేస్తే అది ఒకటికి అయిదు అయి కూర్చుంటుంది. కాంక్రీటుకి 1:2:4 అన్నప్పుడూ అంతే, సిమెంటు ఏడింట ఒకటి. ఇంట్లో ఇడ్లీపిండి ఉండనే ఉంది: ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల రవ్వ. మినప్పప్పు మొత్తంలో మూడో వంతు, సగం కాదు.

పంచే లెక్కలకి బిళ్లలంత సుఖమైన పరికరం లేదు. "40 రూపాయలు ఇద్దరికి 2:3 చొప్పున పంచు" అంటే పేకముక్కలు పంచినట్టు పంచించండి. ఒకరి ముందు రెండు, ఇంకొకరి ముందు మూడు, ఇది ఒక విడత. ఎనిమిది విడతల్లో డబ్బా ఖాళీ. ఒకరికి 16, ఒకరికి 24. అలా రెండు మూడు సార్లు పంచాక, పంచకుండానే విడతలెన్నో చెప్పమనండి. విడతకి 5 పోతాయి, 40 లో 5 లు ఎన్ని, 8. క్లాసులో "నిష్పత్తి పదాలు కూడి, మొత్తాన్ని దానితో భాగించి" అని చెప్పేది ఈ పంపకమే. ఇక్కడ మధ్యలో ఒక గుంట ఉంది, చూసుకోండి: 42 రూపాయలు ఇచ్చారంటే ఎనిమిది విడతలయ్యాక రెండు బిళ్లలు మిగులుతాయి. పిల్లవాడు "లెక్క తప్పు" అంటాడు. లెక్క తప్పు కాదు, బిళ్ల చీలదు, అంతే. కాయితం మీద 42 ని 5 తో భాగిస్తే 8.4, వాటాలు 16 రూపాయల 80 పైసలు, 25 రూపాయల 20 పైసలు. ఇలాంటివి బిళ్లలతో వద్దు. మొదట్లో మొత్తం విడతకి సరిగ్గా సరిపోయేట్టే చూసుకోండి.

పంపకం వచ్చిందా లేదా తేల్చుకోవడానికి చేల మీది లెక్క ఒకటి అడగండి. ఇద్దరు రైతులు కలిసి కాలవ మీద ఇంజను పెట్టుకుని నీళ్లు తోడుకున్నారు. ఒకరిది రెండెకరాలు, ఇంకొకరిది మూడెకరాలు. డీజిలుకి 1,500 అయింది. సగం సగం వేసుకుంటే రెండెకరాల ఆయన 150 రూపాయలు ఎక్కువ కట్టినట్టు. 2:3 చొప్పున అయితే 600, 900. ఇక్కడ 1,500 బిళ్లలు పరచలేరు గనక ఒక్కో బిళ్ల 300 రూపాయలు అనుకోమనండి. అయిదు బిళ్లలతో లెక్క అయిపోతుంది. బిళ్ల అంటే బిళ్ల విలువే కానక్కర్లేదు, ఒక పాలుకి గుర్తు కూడా కావచ్చు. ఈ మెట్టు ఎక్కాడంటే సగం దారి దాటినట్టే.

ఇప్పుడు విలువల్లోకి దిగవచ్చు. మీరు పెట్టిన లెక్కే తీసుకోండి: రెండు రూపాయలవి 3, అయిదు రూపాయలవి 4. కాయితం మీద మూడు అడ్డ వరసలు గీయించండి. పై వరసలో ఒక్కో బిళ్ల విలువ: 2, 5. మధ్య వరసలో ఎన్ని బిళ్లలు: 3, 4. కింద వరసలో మొత్తం విలువ: 6, 20. పై రెండూ హెచ్చవేస్తే కిందది వస్తుంది. ఏ వరస అడిగారో ఆ వరస నిష్పత్తే చెప్పాలి. పుస్తకంలో "నాణేల సంఖ్యల నిష్పత్తి" అని ఉంటే మధ్య వరస, "విలువల నిష్పత్తి" అని ఉంటే కింది వరస. ప్రశ్న చదివి ఆ మాట కింద గీత గీసే అలవాటు ఇప్పుడే చెయ్యండి.

పోటీ పరీక్షల్లో తరచుగా కనపడే సంచి లెక్క కూడా ఇక్కడిదే. ఒక సంచిలో 1, 2, 5 రూపాయల నాణేలు 2:3:4 నిష్పత్తిలో ఉన్నాయి, మొత్తం 140 రూపాయలు, ఏవి ఎన్ని? చాలామంది 140 ని 9 తో భాగించడం మొదలుపెడతారు. భాగారం తెగదు. పాళ్లు బిళ్లల సంఖ్యకి, 140 మాత్రం రూపాయలకి. రెంటినీ నేరుగా కలపకూడదు. ఒక వరస పరిపించండి: రూపాయివి 2, రెండువి 3, అయిదువి 4. దాని విలువ 2 + 6 + 20 = 28 రూపాయలు. 140 లో 28 లు ఎన్ని? అయిదు. అంటే అలాంటి వరసలు అయిదు. రూపాయివి 10, రెండువి 15, అయిదువి 20. సరిచూసుకోవాలంటే 10 + 30 + 100 = 140. మీ డబ్బాలో ఉన్న చిల్లరతోనే ఈ లెక్క మొత్తం పరిచి చూపించవచ్చు.

దీన్నే తిప్పి అడిగితే ఇంకా బావుంటుంది. పది రూపాయలకి రూపాయి చిల్లర, రెండు రూపాయల చిల్లర, అయిదు రూపాయల చిల్లర మూడు కుప్పలుగా పెట్టమనండి. విలువలు మూడూ సమానం. బిళ్లలు మాత్రం 10, 5, 2. విలువ పెరిగేకొద్దీ బిళ్లలు తగ్గుతున్నాయి. రూపాయి, రెండు రూపాయల కుప్పలు పక్కపక్కన చూడమనండి. ఒక్కో బిళ్ల విలువ 1:2, బిళ్లల సంఖ్య 10:5 అంటే 2:1, తలకిందులైంది. పై తరగతుల్లో విలోమానుపాతం అనే పాఠం వస్తుంది, అది ఇదే. ఇప్పుడే పేరు చెప్పకపోయినా నష్టం లేదు.

పైసల లెక్కలు ఒక మాటలో తేల్చేద్దాం. "2 రూపాయలకి 50 పైసలకి నిష్పత్తి" అంటే 2:50 కాదు. రెండూ పైసల్లోకి మారిస్తే 200:50, అంటే 4:1. ప్రమాణాలు ఒకటయ్యేదాకా నిష్పత్తి రాయకూడదు, రాశాక ప్రమాణం రాయకూడదు. 50 పైసల బిళ్ల చట్టప్రకారం ఇప్పటికీ చెల్లుతుంది గాని బజార్లో తీసుకునేవాళ్లు లేరు. మీ పాత డబ్బాల్లో నాలుగు దొరికితే రూపాయి పక్కన పెట్టి చూపించండి, లేకపోతే వదిలెయ్యండి.

మీ అత్తగారి మాటలో విషయం ఉంది. రూపాయికి పదహారణాలు. పదహారు సగానికి సగం తెగుతూ పోతుంది: అర్ధరూపాయి 8 అణాలు, పావలా 4, బేడ 2, అణా 1. పావు, అరపావు, వీసం (పదహారో వంతు) ఆవిడ నోటికి అలవోకగా వస్తాయంటే కారణం అదే. ఆవిడ చేత ఒక్క ప్రశ్న అడిగించండి: "రూపాయిలో పావలా ఖర్చయింది. ఖర్చయిందానికి, మిగిలినదానికి నిష్పత్తెంత?" పిల్లలు 1:4 అంటారు. పావలా నాలుగో వంతే, కాని మిగిలింది ముప్పావలా. జవాబు 1:3. మొత్తంతో పోల్చడం, మిగతాదానితో పోల్చడం మధ్య తేడాకి ఇంత చక్కటి లెక్క దొరకదు. అణా ఖర్చయితే మిగిలినదానికి 1:15. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి నూరు పైసలయ్యాయి. పావలా సరిగ్గా 25 పైసలైంది గాని అణా 6¼ పైసలు, బేడ 12½ పైసలు. ఈ రెండు పద్ధతులూ ఒకే పూట కలిపితే పిల్లవాడు తికమకపడతాడు. పావలా బిళ్ల, అంతకన్నా చిన్నవీ 2011 జూన్ 30 నుంచి చెల్లడం లేదు గనక అణాల లెక్క నోటితోనే నడవాలి, రూపాయి బిళ్లలు పదహారు పెట్టి ఒక్కోదాన్ని అణా అనుకున్నా సరే.

కాస్త ఊపు వచ్చాక, బిళ్లల మీద అంకె చూడకుండా స్కేలు పెట్టి కొలిచే లెక్క ఒకటి చేయించండి. పిల్లలకి ఇది భలే నచ్చుతుంది. బిళ్ల మీద ముద్రించిన సంవత్సరం చూసి, 2020 తరవాతి రూపాయి బిళ్లలు అయిదు, అదే కాలపు అయిదు రూపాయల బిళ్లలు నాలుగు ఏరండి. రూపాయి బిళ్లలు అయిదింటినీ ఒకదానికొకటి తగిలేలా వరసగా పేర్చండి. దాని పక్కనే అయిదు రూపాయలవి నాలుగూ పేర్చండి. రెండు వరసలూ ఒకే పొడుగు, పది సెంటీమీటర్లు. కొత్త రూపాయి బిళ్ల అడ్డకొలత 20 మిల్లీమీటర్లు, కొత్త అయిదు రూపాయలది 25. కొలతల నిష్పత్తి 4:5, విలువల నిష్పత్తి 1:5. పాత బిళ్లలతో ఇది కుదరదు, 2011 లో వచ్చిన రకం అయిదు రూపాయల బిళ్ల 23 మిల్లీమీటర్లే. కలగాపులగంగా పేర్చి "రావట్లేదేంటి" అనుకోకండి.

బరువులతో ఇంకో మంచి లెక్క ఉంది, ఇది మీ కొట్టుకీ పనికొస్తుంది. కొత్త రూపాయి బిళ్ల 3.09 గ్రాములు, కొత్త రెండు రూపాయల బిళ్ల 4.07 గ్రాములు. విలువ రెట్టింపు గాని బరువు దాదాపు 3:4 మాత్రమే. మీ దగ్గర పాత తక్కెడ ఉంటే ఒక పళ్లెంలో కొత్త రూపాయి బిళ్లలు 40, ఇంకో పళ్లెంలో కొత్త రెండు రూపాయలవి 30 వెయ్యండి. 123.6 గ్రాములకి 122.1 గ్రాములు. ముల్లు రూపాయి బిళ్లల వైపు ఒక పిసరు మొగ్గుతుందేమో గాని దాదాపు సమానంగా నిలబడుతుంది.

మూటలో ఉన్న రూపాయి చిల్లరని ఒక్కోటి లెక్కపెట్టకుండా తూకంతో తేల్చవచ్చు. అనుపాతం (రెండు నిష్పత్తులు సమానం కావడం) అంటే ఇదే. చేత్తో లెక్కపెట్టిన నూరు బిళ్లలు కాటా మీద పెట్టండి, 309 గ్రాములు. మూట 927 గ్రాములు తూగితే 100:309 కి ఎంత:927? 309 కి 927 మూడు రెట్లు, కాబట్టి 300 బిళ్లలు. పుస్తకం పద్ధతిలో సరిచూస్తే అంత్యముల (కొసల సంఖ్యల) లబ్ధం 100 × 927, మధ్యముల (నడిమి సంఖ్యల) లబ్ధం 309 × 300. రెండూ 92,700. ఇందులో తేడాలు వచ్చే చోట్లు రెండు. కొట్లలో ఉండే కాటాలు చాలావరకు అయిదేసి గ్రాముల మీద నడుస్తాయి. అది 309 ని 310 గా, 927 ని 925 గా చూపిస్తే జవాబు 298 వస్తుంది. అందుకే అయిదో పదో బిళ్లలు తూచి దాని మీద లెక్క కట్టకూడదు, కనీసం నూరు ఉండాలి. రెండో తేడా ఇంకా పెద్దది. 2011 రకం రూపాయి బిళ్ల 3.79 గ్రాములు. 300 బిళ్లల్లో 50 పాతవి కలిశాయంటే మూట 962 గ్రాములు తూగుతుంది, లెక్కలో 311 వస్తాయి. లేని పదకొండు రూపాయలు ఉన్నట్టు కనపడుతుంది. ముందు పాతవీ కొత్తవీ విడదీసి, వేరువేరుగా తూచాలి.

పరీక్షలో బిళ్లలు ఉండవు గదా అన్నారు. ఒక్కసారిగా తీసెయ్యకండి. మొదటి వారం బిళ్లలు పరచడం, పక్కనే కాయితం మీద గుండ్రాలు గీయడం. బొమ్మకి నింపిన గుండ్రం, బొరుసుకి ఖాళీ గుండ్రం. రెండో వారం బిళ్లలు డబ్బాలోనే, గుండ్రాలు మాత్రమే. అదీ ఒక్క వరసే గీయాలి, పక్కన "× 8" అని రాయాలి. మూడో వారం గుండ్రాలు కూడా పోయి అంకెలే మిగులుతాయి: ఒక వరసలో ఎన్ని, ఎన్ని వరసలు, మొత్తం ఎన్ని. నిలువు చుక్కల గుర్తు రెండో వారంలో పరిచయం చేస్తే సరిపోతుంది. ఎక్కడైనా తడబడితే మళ్లీ డబ్బా మూత తియ్యండి, సిగ్గుపడాల్సిందేం లేదు. ఒకటి మాత్రం గమనించండి: బిళ్లలతో గబగబా చేసి, కాయితం మీద పెట్టగానే మళ్లీ 7 అంటున్నాడంటే గుండ్రాల దశ తొందరగా దాటించారన్నమాట.

చేయించడానికి కొన్ని లెక్కలు, జవాబులతో. రూపాయివి 24, రెండు రూపాయలవి 36 ఉంటే సంఖ్యల నిష్పత్తి 2:3, విలువలు 24:72, అంటే 1:3. కొబ్బరికాయలు 45 ఇద్దరికి 4:5 చొప్పున పంచితే 20, 25. "ఒకటికి ఆరు" మాలు 35 తట్టలు కలపాలంటే సిమెంటు 5, ఇసుక 30 (కొలత పొడిగా ఉన్నప్పటిదే అనుకోవాలి, నీళ్లు పోశాక మాలు అంత ఉండదు). 75 కిలోల ధాన్యం బస్తా ఆడిస్తే నూటికి 67 లెక్కన 50 కిలోల పైచిలుకు బియ్యం, ధాన్యానికి బియ్యానికి దాదాపు 3:2. 1, 2, 5 రూపాయల బిళ్లలు 5:3:2 లో ఉండి మొత్తం 126 రూపాయలైతే ఒక వరస విలువ 21, వరసలు 6, బిళ్లలు 30, 18, 12. ఇరవై రూపాయల బిళ్లలు (పన్నెండు అంచులవి) 3, పది రూపాయలవి 6 ఉంటే సంఖ్యలు 1:2, విలువలు 1:1. ఆఖరుది కొంచెం పెద్దవాళ్ల లెక్క: నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి వడ్డీకి అసలుకి 1:50. ఏడాదికి 24:100, అంటే 6:25. నెలది, ఏడాదిది కలిపి 2:24 అని రాస్తే అది వడ్డీకి అసలుకి ఉన్న నిష్పత్తి కాదు, ఒక నెలకీ పన్నెండు నెలలకీ ఉన్న నిష్పత్తి.